చెట్టు క్రింది నేల

హైదరాబాదు నగరములో, మూసీనది ఒడ్డున, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక పాత చింతచెట్టు ఉన్నది. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరమును ముంచెత్తినప్పుడు, సుమారు 150 మంది ఈ చెట్టు కొమ్మలను ఆశ్రయించి ప్రాణములు దక్కించుకొనిరని ప్రతీతి. ఆ వరదలో మరణించినవారు 15,000 మంది వరకు ఉందురని అంచనా. ఇండ్లు కూలినవి, వీధులకు వీధులే కొట్టుకొనిపోయినవి, చింతచెట్టు మాత్రము కదలలేదు. ఆ ఉత్పాతము తరువాతనే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు నగరమునకు వచ్చి వరద నివారణోపాయములను సూచించిరి. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయములు సిద్ధమైనవి. ఆ జలాశయముల చరిత్ర అందరికి తెలియును. చింతచెట్టు సంగతి తెలిసినవారు తక్కువ.

ఈ కథను మేము ఇచ్చట ఎత్తుకొనుట చెట్టు మహిమను కీర్తించుటకు కాదు. ఒక చిన్న ప్రశ్న అడుగుటకు. ఆ వరద వచ్చుటకు అయిదేండ్లు ముందు ఎవరో ఆ చింతను కొట్టించి, దానికి మారుగ అచ్చటనే పది చింతమొక్కలు నాటించి, ‘ఒకటి పోయినది, పది వచ్చినవి’ అని పుస్తకములో లెక్క వ్రాసికొని యుండినచో, ఆనాటి రాత్రి ఆ పది మొక్కలు ఎందరిని మోసి యుండెడివి?

ఒకటికి పది అను ఈ లెక్క నేడు మనకు మిక్కిలి పరిచితమైనది. బాట వెడల్పు చేయుటకో, వంతెన కట్టుటకో, దుకాణపు బోర్డు బాగుగ కనబడుటకో పెద్ద చెట్టు అడ్డు వచ్చినప్పుడు ఈ మాట వినబడును. మొక్కలు నాటుట మంచి పనియే. తెలంగాణలో 2015లో హరితహారము అను కార్యక్రమము ఆరంభమైనది. హైదరాబాదునకు 2021లో ప్రపంచ వృక్షనగరములలో ఒకటిగ గుర్తింపును, 2022లో ప్రపంచ హరిత నగర బహుమానమును లభించినవి. ఇవి సంతోషింపదగిన విషయములు. ఐనను మొక్క చెట్టగుటకు పట్టు కాలమును ఏ బహుమానమును తగ్గింపజాలదు.

లెక్క అన్నారు గనుక లెక్కయే వేసి చూతము. ఏబది అరువది ఏండ్ల వయసు గల ఒక నిద్రగన్నేరు చెట్టు తన కొమ్మలను పదునారు మీటర్ల వెడల్పున చాచినదనుకొందము. దాని గొడుగు క్రింద సుమారు 200 చదరపు మీటర్ల నీడ ఉండును. నూతనముగ నాటిన మొక్క గొడుగు వెడల్పు ఒక మీటరనుకొందము. అది ఇచ్చు నీడ ఒక చదరపు మీటరు కూడ కాదు. అనగా ఆ ఒక్క చెట్టు నీడకు సరితూగుటకు 256 మొక్కలు కావలెను. ఇది నీడ లెక్క మాత్రమే. పక్షులు గూడు కట్టు కొమ్మలు, ఉడుతలు దాగు తొర్రలు, ధూళిని అడ్డగించు ఆకుల రాశి లెక్కకు తెచ్చినచో అంతరము ఇంకను పెరుగును. మొక్కలన్నియు బ్రతుకుననుకొనుట కూడ ఉదారమైన అంచనాయే.

పెద్ద చెట్టు నగరమునకు చేయు మేలులో మనము అందరమును ఎరిగినది చల్లదనము. అది నీడ వలన మాత్రమే కలుగునది కాదు. గుడారము కూడ నీడ ఇచ్చును. ఐనను రేకుల పందిరి క్రింద, వేపచెట్టు క్రింద నిలుచుండినవానికి ఆ రెండింటి భేదము చెప్పనక్కర లేదు. మట్టి కూజాలోని నీరు చల్లబడు విధమును తలచుకొనుడు. కూజా గోడలలోని సన్నని రంధ్రముల గుండ నీరు చెమర్చి, ఆవిరియై, ఆవిరి యగుటకు కావలసిన వేడిని లోపలి నీటినుండియే తీసికొనును. చెట్టు కూడ ఇట్టిదే. వేళ్ళు నేలనుండి పీల్చిన నీరు కాండముగుండ పైకి పోయి, ఆకుల అడుగున నున్న కంటికి కానరాని రంధ్రములనుండి ఆవిరియై వెడలును. అట్లు వెడలునప్పుడు ఆకులనుండియు, చుట్టునున్న గాలినుండియు వేడిని హరించును.

ఒక గ్రాము నీరు ఆవిరి యగుటకు సుమారు 580 కేలరీల వేడి కావలెను. నేలలో తేమ చాలినంత ఉన్నప్పుడు ఒక పెద్ద చెట్టు దినమునకు 100 లీటర్ల నీటిని ఆవిరి చేసినదనుకొన్నచో, అందులకు వ్యయమగు వేడి సుమారు 67 యూనిట్ల విద్యుత్తునకు సమానము. ఒకటిన్నర టన్నుల ఏసీ యంత్రము పదమూడు గంటల సేపు ఎడతెగక పని చేసి గదినుండి లాగివేయు వేడి దాదాపు ఇంతియే. యంత్రము ఆ వేడిని గదిలోనుండి తీసి వీధిలో పారబోయును. చెట్టు దానిని వీధినుండియే తొలగించును. చెట్టు చేసిన చల్లదనము గాలిలో నలుదెసలకు చెదరును గనుక గదిలో వలె తోచదు. కాని వీధి పొడవున చెట్లున్న పేటలో మే మాసపు మధ్యాహ్నము నడిచిన వారికి తోచకపోదు. ఈ యంత్రమునకు కావలసిన ఇంధనము నేలలోని నీరు. ఆ నీరు అందనినాడు చెట్టు తన రంధ్రములను మూసికొనును, చల్లదనము తగ్గును. కావున చెట్టును గూర్చి మాటలాడుట అనగా, చివరకు, దాని క్రింది నేలను గూర్చి మాటలాడుటయే.

ఈ నేల విషయముననే మనలో చాలమందికి ఒక అపోహ ఉన్నది. చెట్టు పైకి ఎంత ఎత్తున్నదో నేలలోనికి అంత లోతు పోయి యుండునని, కొమ్మల ప్రతిబింబము వలె వేళ్ళు పాతాళమునకు దిగి యుండునని మనము ఊహింతుము. నిజము వేరు. మొలకెత్తిన తొలినాళ్ళలో తల్లివేరు సూటిగ క్రిందికి దిగునుగాని, చెట్టు పెరిగిన కొలది ప్రక్కవేళ్ళే ప్రబలమగును. పెద్ద చెట్ల వేళ్ళలో అధికభాగము నేలపై భాగమున, మీటరు లోతులోపలనే ఉండును. నీటిని, పోషకములను పీల్చు సన్నని పీచువేళ్ళు ఇంకను పైన, జానెడు రెండు జానల లోతులో అల్లుకొని యుండును. ఇవి చాప పరచినట్లు కొమ్మల అంచును దాటి చాల దూరము వ్యాపించును. చెట్టు మొదట నిలిచి మనము చూచు బోదె ఈ చాప నడుమ నాటిన గుంజవంటిది. చాప చెడినచో గుంజ నిలువదు.

ఆ పీచువేళ్ళకు నీరొక్కటియే చాలదు. గాలి కూడ కావలెను. వేళ్ళు సజీవములు, అవియు మనవలెనే ప్రాణవాయువును గ్రహించును. మంచి నేలలో సగము వరకు మట్టి కాక, మట్టిరేణువుల నడుమ ఖాళీలే ఉండును. ఆ ఖాళీలలో కొంత నీరు, కొంత గాలి నిలుచును. వానపాములు, చీమలు, శిలీంధ్రములు ఆ ఖాళీలను కాపాడుచుండును. నేలపై సిమెంటు పోసినచో నీరు దిగదు, గాలి ఆడదు. బరువైన బండ్లు తిరిగినచో మట్టి అణగి, ఖాళీలు మూసికొనిపోవును. గొడ్డలి పెట్టు ఒక్కటియు పడకయే చెట్టు చావనారంభించును.

దీనిని మేము పుస్తకములో చదువుటకు ముందే మా వీధిలో చూచితిమి. చూచితిమనుట కన్న, చేసితిమనుట సత్యము.

మా వీధి మలుపున ఒక వేపచెట్టు ఉండెడిది. మేము ఆ వీధికి కాపురము వచ్చునాటికే ఇద్దరు చేతులు చాచి కలిపినగాని అందనంత బోదె దానిది. దాని క్రింద ఒక ఇస్త్రీబండి. ఆ బండి పెద్దాయన ఇరువది ఏండ్లకు పైగ అచ్చటనే ఉండెను. బొగ్గుల ఇస్త్రీపెట్టె ప్రక్కన మే మాసములో పగలెల్ల నిలుచుండగలుగుట ఆ చెట్టు వలననే. కొన్ని ఏండ్ల క్రిందట మా వీధివారమందరము కూడుకొని, వానకాలపు బురద పోవుటకు చందాలు వేసి వీధికి సిమెంటు పోయింపదలచితిమి. మేము కూడ సంతోషముతో చందా ఇచ్చితిమి. చెట్టు మొదట ఎండుటాకులు, చెత్త చేరుచున్నవని, అచ్చట కూడ బోదెకు ఆనించి పోయుటయే శుభ్రమని మాలో ఒకరనగా, కాదన్నవారు లేకపోయిరి. కాదన్నది ఆ పెద్దాయన ఒక్కడే.

“సార్, గిట్ల మొదట్లకెల్లి సిమెంటేస్తే చెట్టుకు నీళ్ళెట్ల పోతయి?” అని అడిగెను.

“మీరేం భయపడకండి పెద్దాయనా, వేళ్ళు చాలా లోతుకు పోతాయి, పైన సిమెంటు దాన్నేం చేయదు” అని మేమే సమాధానము చెప్పితిమి. అతడు మరి మాటలాడలేదు. మేము చదువుకొన్నవారము గదా!

మొదటి ఏడు భేదమేమియు కనబడలేదు. రెండవ వేసవిలో పై కొమ్మల కొనలు ఎండినవి. మూడవ ఏట ఉగాదినాటికి పూత పలుచబడినది. పచ్చడికి పూవు చాలక ప్రక్క వీధికి పోయితిమి. అప్పటికిని మాకు తట్టలేదు. ఆ ఏడే తాగునీటి గొట్టముల కొరకు ఒక ప్రక్కన కందకము త్రవ్విరి. ముంజేతి లావు వేళ్ళను గడ్డపారలతో నరికిరి. నాలుగవ వేసవిలో ఒక సాయంకాలము గాలివాన వచ్చినది. అది పెద్ద గాలివాన కాదు. వీధిలో ఒక రేకు కూడ లేచిపోలేదు. చెట్టు మాత్రము కూలినది. దైవానుగ్రహమున అప్పటికి బండి ఇంటికి పోయి యుండెను.

మరునాడు ఉదయము పెల్లగిలిన మొదలును చూచితిమి. చాపవలె పరచుకొని యుండవలసిన వేళ్ళు ఒక వైపు కోతపెట్టినట్లు తెగి యున్నవి. రెండవ వైపు నల్లబడి, మెత్తబడి, చేతికి ఊడివచ్చుచున్నవి. పెద్దాయన ఇప్పుడు నీలిరంగు పట్టాను నాలుగు గుంజలకు కట్టుకొని దాని క్రింద ఇస్త్రీ చేయుచున్నాడు. పదకొండు గంటలకు పని కట్టివేసి, నాలుగు దాటిన తరువాత మరల వచ్చును. నడుమ పోయిన అయిదు గంటల సంపాదన ఎంతయో మేమడుగలేదు. అడుగుటకు మాకు మొగము చెల్లలేదు.

చెట్టు కూలగనే మనము గాలిని నిందింతుము. నిజమే, కొన్ని గాలులకు ఏ చెట్టును నిలువదు. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో విశాఖపట్టణమును తాకినప్పుడు వేలకొలది చెట్లు పడిపోయినవి. కాని మన వీధులలో ఏటేట వేసవి గాలులకు కూలు చెట్లలో అనేకము అట్టివి కావు. వాటి వేళ్ళను మనము ముందే నరికి యుందుము; గాలి మిగిలిన పని చేయును. చెట్టుపై పడిన దెబ్బకును, చెట్టు పడుటకును నడుమ రెండు మూడు ఏండ్లు గడచును గనుక కారణము కార్యము మనకు కలిపి కనబడవు.

నేలను గూర్చి చెప్పినట్లే కాండమును గూర్చియు రెండు మాటలు చెప్పవలసి యున్నది. చెట్టులో ప్రాణము గల భాగము బెరడు క్రింద నున్న పలుచని పొర. కాండమును లావు చేయునది అదియే. దానికి వెలుపలి పొర ఆకులు వండిన ఆహారమును వేళ్ళకు చేర్చును; లోపలి లేతకొయ్య నీటిని పైకి కొనిపోవును. అంతకంటె లోపల నున్న చేవ బలమునకు తోడ్పడునుగాని, నీటిని మోయదు. అందువలననే పాత చింతలకు మనిషి దూరునంత తొర్ర ఉన్నను అవి పచ్చగ చిగిర్చి కాయలు కాయును. తొర్ర ఉన్నది గనుక చెట్టు చచ్చినదని, కొట్టివేయవలెనని నిశ్చయించుట తొందరపాటు. చుట్టును మిగిలిన గట్టి కొయ్య మందము ఎంత, చెట్టు క్రొత్తగ ఒక వైపునకు ఒరిగినదా, మొదట నేల పగిలినదా, కుక్కగొడుగులు లేచినవా అని తెలిసినవారు పరీక్షించి చెప్పవలెను. మరొక వైపు, బయటికి చిన్నవిగ కనబడు దెబ్బలే చెట్టునకు పెద్ద హాని చేయును. మొదట చెత్త పోసి నిప్పంటించినచో బెరడు క్రింది పొర కాలిపోవును. దీపాలంకరణకు చుట్టిన తీగను విప్పక మరచినచో బోదె లావైన కొలది తీగ లోనికి కోసికొనిపోవును. చుట్టును అంగుళము వెడల్పున బెరడు ఊడినచో మహావృక్షమైనను నిలువునను ఎండును.

కొమ్మలు కోయుటలో కూడ పద్ధతి ఉన్నది. విద్యుత్తు తీగల క్రింది చెట్లను వానకాలమునకు ముందు కోయక తప్పదు. కాని ఒక వైపే నిలువుగ కోసినచో బరువు రెండవ వైపునకు మ్రొగ్గును. తల నరికినచో కోతచోట గుంపులుగ లేచు చిగుళ్ళు గట్టిగ అతుకుకొనక, పెరిగిన పిమ్మట విరిగిపడును. కొమ్మ బోదెను కలియుచోట ఉబ్బెత్తుగ నుండు కంకణమును విడిచి, దానికి వెలుపల నున్నగ కోయుట సరియైన విధము. ఆ కంకణమునుండియే చెట్టు తన గాయమును మూసికొనును.

ఇంతవరకు ఒక్కొక్క చెట్టును గూర్చి చెప్పితిమి. ఒక్క చెట్టుకు నాలుగడుగుల పాదు ఎంత అవసరమో, నగరమునకు వందల ఎకరముల విడినేల అంత అవసరము. హైదరాబాదునకు ఇంకను అట్టి భాగ్యము కొంత మిగిలి యున్నది. జూబిలీహిల్సులో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనము సుమారు 390 ఎకరములు. 1998లో దానిని జాతీయ ఉద్యానవనముగ ప్రకటించిరి. వనస్థలిపురము వద్ద 1975లో ఏర్పడిన మహావీర హరిణ వనస్థలి సుమారు 3,600 ఎకరములు. చిలుకూరు త్రోవలో మృగవని ఉన్నది. ఇవి పూలకుండీలు అమర్చిన తోటలు కావు. దక్కను పీఠభూమిపై సహజముగ పెరుగు పొదయడవి, గండశిలలు, గడ్డినేల. మొదటిసారి చూచినవారికి బీడువలె తోచవచ్చును. ఐనను అచ్చటి నేల పగులులలోనికి, శిలల సందులలోనికి దిగిన వాననీరే చుట్టుప్రక్కల బావులకును, గొట్టపుబావులకును ఆధారము.

ఇచ్చట కూడ లెక్క తేలికయే. 200 చదరపు మీటర్ల నేలపై ఒక సెంటీమీటరు వాన కురిసినచో 2,000 లీటర్ల నీరు పడును. ఆ నేల సిమెంటయినచో అందులో దాదాపు అంతయు నిమిషములలో కాలువ చేరును. చెట్టు, గడ్డి ఉన్న నేలయైనచో కొంత ఆకులపై నిలుచును, కొంత మెల్లమెల్లగ నేలలోనికి ఇంకును. ఇట్టి వందల ఎకరములు కప్పబడినచో కాలువలు ఏ నీటిని మోయవలెను? 2020 అక్టోబరులో హైదరాబాదు వీధులు ఏరులై పారినప్పుడు నగరవాసులు ఈ పాఠమును మోకాలిలోతు నీటిలో నిలుచుండి చదివిరి.

అందువలననే ఇట్టి స్థలములపై వివాదము వచ్చినప్పుడు ప్రజలు కదలుచున్నారు. 2016లో వంతెనల నిర్మాణమునకై బ్రహ్మానందరెడ్డి ఉద్యానవనము చుట్టునున్న చెట్లను తొలగింతురను వార్త వచ్చినప్పుడు, ఉదయపు నడకకు వచ్చువారే ముందు నిలిచి అభ్యంతరము తెలిపిరి. 2025లో హైదరాబాదు విశ్వవిద్యాలయము ప్రక్కనున్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరముల విషయమున విద్యార్థులు ఆందోళన చేయగా, ఏప్రిల్ 3వ తేదీన సుప్రీంకోర్టు అచ్చట చెట్ల తొలగింపును నిలిపివేయుమని ఆజ్ఞాపించినది. భూమి ఎవరిది, ఎవరి అధికారమెంత అను ప్రశ్నలను న్యాయస్థానములు తేల్చవలెను. సామాన్య గృహస్థుడు గ్రహింపవలసినది ఒకటి ఉన్నది: ‘ఖాళీస్థలము’ అని మనము పిలుచు నేల నిజముగ ఖాళీ కాదు.

చట్టము లేకపోలేదు. నీరు, భూమి, చెట్ల సంరక్షణకై 2002లో చేసిన శాసనము, వాల్టా అని వ్యవహరింపబడునది, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండింటిలోను ఉన్నది. దాని ప్రకారము అనుమతి లేక చెట్టు కొట్టరాదు. తన పెరటి చెట్టు కదాయని ఊరకుండుటకు వీలులేదు. ఢిల్లీ నగరమును గూర్చి 2013లో జాతీయ హరిత న్యాయస్థానము ఇచ్చిన ఆజ్ఞ కూడ చెప్పుకొనదగినది: చెట్ల మొదళ్ళ చుట్టు ఒక మీటరు వరకు నున్న సిమెంటును తొలగింపవలెనని, చెట్లకు కొట్టిన బోర్డులను, మేకులను తీసివేయవలెనని అది ఆదేశించినది. కొట్టరాదనుటతో ఆగక, ఊపిరి ఆడనీయవలెనని చెప్పుటలోనే ఆ ఆజ్ఞ విలువ ఉన్నది.

చెట్టును కొట్టక, పెకలించి మరియొకచోట నాటవచ్చును గదా అని కొందరందురు. కొన్నిటి విషయమున సాధ్యమే. మర్రి, రావి వంటివి కొమ్మ నాటినను వేరు తొడుగు జాతులు గనుక తరలింపును ఓర్చుకొనును. కాని అందులకు ముందుగనే చుట్టు త్రవ్వి, క్రొత్తవేళ్ళు పుట్టుటకు వ్యవధి ఇచ్చి, పెద్ద మట్టిగడ్డతో లేవదీసి, తరువాత ఏండ్ల తరబడి నీరు పోయవలెను. ముదురు వేప, చింత వంటివి ఆ దెబ్బకు తట్టుకొనుట కష్టము. హైదరాబాదునుండి చేవెళ్ళ మీదుగ బీజాపూరు పోవు రహదారికి ఇరుప్రక్కల వందలకొలది మర్రులు ఉన్నవి. ఆ రహదారి విస్తరణ మాట వచ్చినప్పుడెల్ల ఈ తరలింపు ప్రసక్తియు వచ్చుచుండును. తరలించిన మర్రి బ్రతుకవచ్చును. ఐనను నరికిన కొమ్మలు మరల బాటపై పందిరి వేయుటకు ఒక తరము పట్టును. తరలింపు చివరి ఉపాయముగ ఉండవలెనేగాని మొదటిది కారాదు.

మా ప్రసంగములు విని ఉత్తరములు వ్రాయు శ్రోతలు కొందరు ఎదురుప్రశ్న కూడ వేయుచుందురు: రావి వేళ్ళకు మా ప్రహరీగోడ పగిలినది, ఏమి చేయవలెను? అంబులెన్సు పోవలసిన బాటలో చెట్టు అడ్డమున్నచో ఏమి చేయవలెను? ఇవి తీసివేయదగిన ప్రశ్నలు కావు. గోడ సందున పక్షి రెట్టనుండి మొలచిన రావిని జానెడున్నప్పుడే తీసివేయవలెను. చెట్టు కొట్టక తప్పని సందర్భములు నిజముగనే ఉండును. మేము కోరునది ఇంతమాత్రమే: ఆ నిర్ణయము చివర చేయవలెను. గోడను ఒక అడుగు లోపలికి జరుపవచ్చునేమో, కాలిబాటను చెట్టు చుట్టు త్రిప్పవచ్చునేమో, కందకమునకు మారుగ వేళ్ళ క్రిందినుండి గొట్టము తొలిచి పంపవచ్చునేమో ముందు చూడవలెను. గోడను మరల ఒక నెలలో కట్టవచ్చును.

ఇక గృహస్థులుగ మన చేతిలోనున్న పనులు కొన్ని ఉన్నవి. మీ ఇంటిముందరి చెట్టు బోదెకు సిమెంటు ఆని యున్నదేమో చూడుడు. ఆని యున్నచో, స్థానిక పురపాలక కార్యాలయము వారికి తెలిపి, చుట్టును మీటరు వెడల్పునైన తీయించి పాదు చేయుడు. అది ఉలితో మెల్లగ చేయవలసిన పని, వేళ్ళు తెగరాదు. నడచుటకు గట్టినేల కావలెనన్నచో ఇసుకపై సందులుంచి పరచిన రాళ్ళు చాలును. మన ఊళ్ళలోని పాత రచ్చబండలకు రాళ్ళ నడుమ మట్టియే గాని సిమెంటు ఉండెడిది కాదు. రాలిన ఆకులను కాల్చక పాదులోనే పరచుడు; బోదెకు మాత్రము ఆనింపకుడు. మొదట క్రొత్తమట్టి ఎత్తుగ పోయకుడు. పాత వేళ్ళకు గాలి అందక పోవును. మే మాసములో నీరు పోయదలచినచో, బోదె మొదట కాక, కొమ్మల అంచు ఎచ్చట నేలపై నీడ వేయునో అచ్చట, వారమున కొకసారి నిదానముగ ఇంకునట్లు పోయుడు. కందకము త్రవ్వుటకు కూలీలు వచ్చిననాడు ఎవరైన ఒకరు వీధిలోనికి వచ్చి, బోదెకు దూరముగ త్రవ్వుమని, లావు వేళ్ళు నరుకవద్దని చెప్పుడు. ఆ ఒక్కమాట చెప్పువారు లేకయే మా వీధి వేప పోయినది.

అది కూలినచోట ఇప్పుడొక కానుగ మొక్క ఉన్నది. నాటునప్పుడు ఆ ఇస్త్రీబండి పెద్దాయననే పిలిచి, పాదు ఎంత వెడల్పు కావలెనని అడిగితిమి. అతడు కట్టెపుల్లతో నేలమీద గీత గీచెను. మేమనుకొన్నదానికి రెట్టింపు వచ్చినది. అంత మేర సిమెంటు పగులగొట్టించితిమి. మొక్క నిరుడు నడుమెత్తు ఉండెను, ఇప్పుడు తలయెత్తు ఉన్నది. అతని బండికి నీడ ఇచ్చుటకు ఇంకను చాల ఏండ్లు పట్టును. అంతవరకు నీలి పట్టాయే అతనికి దిక్కు.